శాలిబండ మహారాజుగారి కథలు

గడచిన విద్యాసంవత్సరాంతమున మా తరగతి విద్యార్థులకు మేమొక పని యప్పగించితిమి. ఇంటనున్న వృద్ధుల నడిగి మన నగరమును గూర్చిన కథ యొకటి విని, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని రావలెనంటిమి. అచ్చుపుస్తకములోనిది పనికిరాదు, విన్నదే కావలెనని గట్టిగా చెప్పితిమి. పిల్లలు వ్రాసి తెచ్చిరి. శాలిబండ, అలియాబాదు, లాల్‌దర్వాజ ప్రాంతముల వారి కాగితములను వేరుగా పేర్చి చదువగా, కథలు పలువిధములైనను కథానాయకుడు తరచుగా ఒక్కడే యగుట మాకు కనబడెను. ఆయన మహారాజా సర్ కిషన్ ప్రసాదు. మోటారులో పోవుచు ఇరువైపుల నాణెములు వెదజల్లిన మహారాజు. ఒకే దేవిడీలో పూజయు నమాజును నడిపించిన మహారాజు. మూసీ పొంగినప్పుడు నిజాము ప్రభువుచేత అమ్మవారికి బంగారుచాట సమర్పింపజేసిన మహారాజు. పిల్లల దస్తూరీలు వేరు, అక్షరదోషములు వేరు, మహారాజు మాత్ర మొక్కడే.

ఈ కథలు మాకు క్రొత్తవి కావు. మొదటి కథకు మా యింటనే యొక శాఖ కలదు. మా తాతగారు పదేండ్ల బాలుడై యుండగా శాలిబండ వీధిలో మహారాజుగారి మోటారు వెంట పోయి ఒక పావలా సంపాదించిరనియు, దానిని ఖర్చుపెట్టక దాచుకొనిరనియు చిన్ననాటినుండి వినియున్నాము. హాలీ సిక్కా పావలా. ఒకవైపు చార్మినారు ముద్ర. పండుగనాడు దానిని రేకుపెట్టెలోనుండి తీసి మాకు చూపెడివారు. మా పెదనాన్నగారు చెప్పునప్పుడు మహారాజుగారు బండి నిలిపించి, బాలుని దగ్గరకు పిలిచి, పేరడిగి, నాణెమును చేతిలో పెట్టిరి. మా తండ్రిగారు చెప్పునప్పుడు అదే నాణెము వీధి దుమ్ములో దొరకెను. పావలా ఒక్కటి, వీధి ఒక్కటి, బాలుడొక్కడు. అన్నదమ్ములిద్దరును తమ తండ్రి నోటనే వినినవారు. ఇద్దరిలో ఎవరును అసత్యమాడువారు కారు. ఐనను ఒకరి కథలో బాలునకు పేరున్నది, మఱియొకరి కథలో లేదు. ఈ భేదము మమ్ము చాలకాలముగా తొందరపెట్టుచున్నది. ఈ వ్యాసమునకు కారణమదియే.

మేము చేయబూనినది మహారాజుగారి గుణదోషవిచారణ కాదు. ఆయన దివంగతుడై ఎనుబదేండ్లు దాటినవి. మేము విమర్శింపదలచినది కథలను. కావ్యమును విమర్శింతుము, నాటకమును విమర్శింతుము, పురాణమును సహితము తర్కమునకు పెట్టుట మన సంస్కర్తలు మనకు నేర్పిపోయిరి. ఇంటిలో పెద్దలు చెప్పు కథ దగ్గరకు వచ్చుసరికి మాత్రము మన విమర్శ చెప్పులు గడపవెలుపల విడిచి లోనికి పోవును. పెద్దల మాటకు ఎదురాడరాదను మర్యాద దానికి కారణము. మర్యాద మంచిదే. కాని గొప్పతనమనగా నెట్టిదో పిల్లలకు మొదట తెలియజేయునది పాఠ్యపుస్తకము కాదు, ఈ కథయే. అట్టి దానిని పరీక్షింపక విడుచుట ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి తగదని మా యభిప్రాయము.

ముందుగా చరిత్రలో నిలుచు సంగతులు చెప్పెదము. కిషన్ ప్రసాదుగారు 1864లో హైదరాబాదునందు ఖత్రీ కులమున జన్మించిరి. అక్బరు పాదుషా రాజస్వమంత్రియగు తోడరమల్లు తమ మూలపురుషుడని ఆ వంశమువారు చెప్పుకొందురు. ప్రభుత్వమున పేష్కారు పదవి వారికి మాతామహుని వలన సంక్రమించినది. మదరసా-ఎ-ఆలియాలో విద్య నభ్యసించి, 1901లో ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను ప్రభువునకు ప్రధానమంత్రియై, 1912 వఱకు ఆ పదవిలో నుండిరి. మరల ఏడవ నిజాము కాలమున 1926 మొదలు 1937 వఱకు కార్యనిర్వాహక సభకు అధ్యక్షులుగా నుండిరి. 1940లో గతించిరి. 'షాద్' అను కవినామముతో ఉర్దూ, పారసీక భాషలలో కవిత్వము చెప్పిరి. సూఫీ మార్గమునందు భక్తి కలవారు. కవి ఇక్బాలుతో లేఖాస్నేహము నెఱపిరి. వారి దేవిడీ శాలిబండలో నుండెను. షా అలీ బండ యను పేరు జనుల నోట నలిగి శాలిబండయైనది. ఆ పేరులో సగము పారసీకపు పోకడ, సగము మన తెలుగు బండ. మహారాజుగారికి తగిన చిరునామాయే.

ఇక వంశకథ. తోడరమల్లు నుండి వచ్చితిమని చెప్పుకొనుట యందు ఆశ్చర్యము లేదు. రాజస్వము లెక్కలు చూచు కుటుంబమునకు ఆ విద్యలో అఖండకీర్తి గన్నవానికంటె తగిన పూర్వుడెవడు దొరకును? మన పల్లెలలోను కరణముల వంశావళులు ఇట్టివే. ఇందు మాకు విశేషముగా తోచునది వేఱొకటి. ఆ వంశమున తోడరమల్లు కంటె దగ్గరివాడు, నిస్సందేహముగా తెలిసినవాడు, మహారాజా చందూలాల్. ఆయన పంతొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున మూడు దశాబ్దులకు మించి ఈ రాజ్యపు ధనము తన చేతిమీదుగా నడిపించెను. ఆయనయు కవి, ఆయన కవినామము 'షాదాన్'. ఆయనయు దాత, పండితులకు, కవులకు, ఫకీరులకు, బ్రాహ్మణులకు లేదనక ఇచ్చెనని ప్రసిద్ధి. ఆయన పేరిటి బారాదరి నేటికిని పాతనగరమున నొక పేటకు పేరై నిలిచియున్నది. 1843లో ఆయన పదవి విడుచునప్పటికి రాజ్యము అప్పులలో మునిగియుండెను. పామర్ కంపెనీ మొదలు స్థానిక సాహుకార్ల వఱకు అప్పిచ్చినవారి చేతులలో పరగణాల రాబడి చిక్కుకొనియుండెను. శిస్తు గుత్తకు తీసికొన్నవాడు రైతు నెట్లు పీడించునో తెలియనివారు లేరు. పదేండ్ల పిమ్మట 1853లో బీరారు సీమ ఆంగ్లేయుల పాలబడినది. ఆ యేటనే మంత్రియైన మొదటి సాలార్‌జంగు ఆ చిక్కులను విప్పుటకు జీవితమంతయు వెచ్చింపవలసివచ్చెను.

ఇప్పుడు చిత్రము చూడుడు. చందూలాల్ దాతృత్వము కథలలో నిలిచినది. అప్పు చరిత్రగ్రంథములలో నిలిచినది. ఆ రెండును ఒకే చేతి పనులని చెప్పు కథ మాకొక్కటియు వినబడలేదు. కథలు చెప్పునది నగరము. శిస్తు కట్టినది పల్లె. పల్లెకు శాలిబండలో నోరు లేదు.

కిషన్ ప్రసాదుగారి నాణెముల కథను ఈ నేపథ్యమున నిలిపి చదువవలెను. పిల్లల కాగితములలో ఈ కథ ఇంచుమించు నొకే విధముగా నడచును. మహారాజుగారి మోటారు వచ్చుచున్నదని కేక వినబడును. వీధి వీధియంతయు పరుగెత్తును. మహారాజుగారు ప్రక్కనున్న సంచిలో చేయి పెట్టి పిడికిళ్లతో నాణెములు చల్లుదురు. జనులు ఏరుకొని దీవింతురు. కథ ముగియును. ఒక బాలుడు మాత్రము చివర తనంతట తానొక వాక్యము చేర్చెను. ఆ సంచిలోని డబ్బు ఎవరిదని మా నాయనమ్మ నడిగితిని, ఆమె కోపపడినది అని. ఆ వాక్యము క్రింద మేము ఎఱ్ఱసిరాతో గీత గీసితిమి. తప్పని గీచినది కాదు.

ఎవరిది? జాగీరు గ్రామములది. ఆ గ్రామములు తెలంగాణమువైనను కావచ్చును, మరాఠ్వాడావైనను కావచ్చును. 1949లో జాగీర్లు రద్దగువఱకు ఈ రాజ్యమున పెద్ద దేవిడీల వైభవమంతయు అట్టి గ్రామముల రాబడిపై నిలిచినదే. పల్లెలో రూపాయిలుగా పోగైనది శాలిబండలో అణాలుగా చల్లబడెను. మహారాజుగారు క్రూరుడని మేము చెప్పుట లేదు. తోటి ప్రభువులలో ఆయన దయార్ద్రహృదయుడనియే అందఱును చెప్పుదురు, మేమును నమ్ముచున్నాము. దయ యొక్క తాహతు ప్రశ్న కాదు, దాని దారి ప్రశ్న.

సంస్కృతము చదివినవారమగుటచే ఇట్టి సందర్భమున మాకు రఘువంశమందలి అయిదవ సర్గ జ్ఞాపకమునకు వచ్చును. విశ్వజిద్యాగమున సర్వస్వము నిచ్చివేసిన రఘువు, వరతంతు శిష్యుడైన కౌత్సునకు మట్టిపాత్రలో అర్ఘ్యమిచ్చెను. గురుదక్షిణకై కౌత్సునకు పదునాలుగు కోట్లు కావలెను. కుబేరుని వలన కోశగృహమున బంగారము కురిసెను. రఘువు అంతయు తీసికొమ్మనును. కౌత్సుడు గురువున కీయవలసినదానికి మించి యొక్క కాసు ముట్టననును. సాకేతపురజనులు ఇద్దఱిని సమానముగ మెచ్చుకొనిరని కాళిదాసు వ్రాసెను. ఇది కూడ నొక నగరము తన దాతను గూర్చి చెప్పుకొన్న కథయే గదా! ఐనను అందు పుచ్చుకొన్నవానికి పేరున్నది, గురువున్నాడు, అవసరమున్నది, వలదను శక్తియున్నది. శాలిబండ కథలో పుచ్చుకొన్నవారు ఒక గుంపు. వారికి మోకాళ్లును చేతులును తప్ప ముఖములు లేవు. గీతాకారుడు దానమునకు దేశకాలపాత్రముల నెంచవలెనని చెప్పెను. విసరిన నాణెమునకు పాత్రమెవ్వరు? అందఱికంటె వేగముగ పరుగెత్తినవాడు. ముసలిది, కుంటివాడు, పసిబిడ్డ నెత్తుకొన్న తల్లి, వీరికి దొరకునది దుమ్ము.

ఆంగ్లసాహిత్యమున జాన్సను పండితుని గూర్చి యొక సంగతి చెప్పుదురు. ఆయనయు విచిత్రపురుషుడే, ఆయన చేష్టలను గూర్చిన కథలు లండను నగరమున కొల్లలు. రాత్రివేళ ఇంటికి పోవుచు, వీధియరుగులపై నిద్రించు దిక్కులేని బాలుర చేతులలో చిల్లరనాణెములుంచి పోయెడివాడట, తెల్లవారినప్పుడు వారికి ఫలహారమునకు దొరకునని. ఆ బాలురు దాత ముఖము చూడరు. దాతకు దీవెన దక్కదు. ఆ సొమ్ము తన కలముచే తాను సంపాదించినది. రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి తరగతిలో చదివించినచో పిల్లలు దేనిని మెచ్చుకొందురో మేము చెప్పనక్కఱలేదు. చదివించితిమి. సగము మంది మహారాజునే మెచ్చుకొనిరి, మోటారున్నది గదా!

కవులపోషణమును గూర్చిన కథలు ఇంతకంటె గౌరవనీయములు. లక్నోనుండి 'ఫసానా-ఎ-ఆజాద్' కర్తయగు రతన్‌నాథ్ సర్‌షార్ హైదరాబాదు చేరి మహారాజుగారి ఆశ్రయమున 'దబ్‌దబా-ఎ-ఆసఫీ' పత్రికను నడిపెను. తరువాతి కాలమున ఫానీ బదాయూనీ వచ్చెను. 1879లో పుట్టి, అలీగఢ్‌లో న్యాయశాస్త్రము చదివి, వకీలు పనిలో మనసు నిలువక కవియైన ఫానీకి మహారాజుగారి వలన ఈ నగరమున పాఠశాల ప్రధానోపాధ్యాయపదవి లభించెను. మాబోటివారికి ఈ సంగతి చెవికింపుగా నుండును. మహారాజుగారు 1937లో పదవి వీడిరి, 1940లో కన్నుమూసిరి. ఫానీ 1941లో ఈ నగరముననే లేమితో చచ్చెను. పోషకుడు పోయిన పిమ్మట పోషణము పోయెను. ఒక మనుష్యుని ప్రీతిపై నిలిచిన ఉపకారము ఆ మనుష్యుని కంటె ఎక్కువకాలము బ్రదుకదు. కవిపోషణ కథలు చెప్పువారు మొదటి సగమే చెప్పి లేచిపోవుదురు. ఫానీ మరణము కూడ ఆ కథలో చేరవలసినదే. అది చేరిన నాడు కథ ఇంకను మంచిదగును, మహారాజుగారికి అగౌరవమును కలుగదు.

రెండవ కథ, రెండు మతముల సంసారము. ఆయనకు హిందూ భార్యలును ముస్లిం భార్యలును ఉండిరి. బిడ్డలు తల్లుల మతములలో పెరిగిరి, ఆయా సమాజములలోనే పెండ్లియాడిరి. ఇది చరిత్రయే. మన పాతనగరపు కుటుంబములు దీనిని సర్వమతసమభావమునకు దృష్టాంతముగా చెప్పుకొందురు. మతద్వేషము గడపగడపకు అమ్మకమునకు వచ్చుచున్న ఈ దినములలో ఆ మాట చెప్పుకొనుటకు మేము సంతోషింతుము. తండ్రి మతము బిడ్డలపై రుద్దబడకుండుట సామాన్యము కాదు. సంస్కరణాభిమానులమని చెప్పుకొను మన యిండ్లలో ఎంతమందికి అంతటి గుండె కలదో ఎవరికి వారు ఆలోచించుకొనవలెను.

ఐనను ఈ కథలో మేమొక చోట ఆగుచున్నాము. సమభావము చూపబడినది మతములకు; స్త్రీలకు కాదు. బహుభార్యాత్వము ఆనాటి ప్రభువుల యాచారమే, ఆయనకొక్కనికే చెందినది కాదు. ఆ సంగతి తెలిసియే చెప్పుచున్నాము. పిల్లలు వ్రాసి తెచ్చిన కాగితములలో భార్యల సంఖ్య ఒక్కొక్క చోట ఒక్కొక్క విధముగా నున్నది. సంఖ్య తప్ప వేఱు సంగతి లేదు. ఒక్కరికైనను పేరు లేదు, మాట లేదు. ఒకామె ఉదయముననే లేచి తులసికి నీరు పోసెను, మఱియొకామె ఆ వేళకే నమాజు చేసికొనెను, ఇద్దఱును ఒకరికొకరు ఏమనుకొనిరి? పండుగనాడు ఒకరింటి మిఠాయి మరియొకరింటికి పోయెనా? కథ చెప్పువారికి ఇది తోచదు. వారి దృష్టిలో ఆ యిల్లాండ్రు మహారాజుగారి విశాలహృదయమునకు సాక్ష్యములు మాత్రమే. నాణెముల కథలోని గుంపు వీధిలో నిలిచినట్లు, ఈ గుంపు లోపలి వాకిళ్లలో నిలిచినది. మహబూబ్ అలీఖాను కాలమును గూర్చి హారియట్ రాంకెన్ లింటను, మోహినీ రాజను అను ఇద్దఱు స్త్రీలు వృద్ధుల జ్ఞాపకములను ప్రోగుచేసి 1974లో ఆంగ్లమున నొక గ్రంథము ప్రకటించిరి. అది చదువుటకు మిక్కిలి హాయిగ నుండును. అట్టి పని తెలుగున, దేవిడీ వెనుకవాకిలి వైపునుండి, వంటవారి, దాదుల, చాకళ్ల యిండ్లనుండి జరిగియున్న నెంత బాగుండెడిదో! ఆ వృద్ధులు పోయిరి. వారి మనుమలు, మునిమనుమలు ఉన్నారు.

మూడవ కథ మన తెలుగు ఇండ్లలో అన్నింటికంటె ప్రియమైనది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెను. వేలమంది చనిపోయిరి. అఫ్జల్‌గంజు దగ్గర చింతచెట్టు నెక్కి నూఱుమందికి పైగా ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున నేటికిని ఉన్నది. అప్పుడు ప్రధానమంత్రియగు కిషన్ ప్రసాదుగారు, అమ్మవారు కోపించినదనియు శాంతి చేయవలెననియు విన్నవించిరట. మహబూబ్ అలీఖాను ప్రభువు బంగారుచాటలో పట్టుచీర, ముత్యములు, పసుపు కుంకుమలు పెట్టి సమర్పించెనట. లాల్‌దర్వాజ సింహవాహిని మహంకాళి గుడిలో అని కొందఱు, నదియొడ్డున అని కొందఱు. వెంటనే వరద తీసెనట. ఆషాఢమున బోనములు వచ్చినపుడెల్ల ఈ కథ క్రొత్తగ మెఱుగు పెట్టుకొనును.

హేతువాదులు దీనిని ఒక్క మాటలో త్రోసివేయుదురు. వాన వెలిసిన పిమ్మట నది తీయకేమి చేయునని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. చాట నీటిలో విడిచినను విడువకున్నను నది తీసియుండెడిది. కాని మేము ఈ కథను అంత తేలికగా విడువజాలము. అన్ని కథలలోను ప్రజలకొక ముఖము కనబడునది ఇందులోనే. హిందూమంత్రి చెప్పెను, ముస్లిం ప్రభువు వినెను, బీదల దేవతకు తలవంచెను. ఈ కోరిక ప్రజలది. జరిగినదో లేదో గాని, ఇట్లు జరుగవలెనని కోరిన నగరమొకటి ఉండెనని ఈ కథ సాక్ష్యమిచ్చుచున్నది. వరదలో ఇల్లు కోల్పోయినవారు మతము చూడక ఒకే గంజికేంద్రమున నిలుచుండు నగరమునకు తగిన కథ ఇది.

మాకు కష్టముగా తోచునది దీని వెనుకభాగము లేకపోవుట. మఱుసటియేడు 1909లో మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు పిలువబడిరి. వరద ఎట్లు వచ్చెను, ఎన్ని చెరువులు తెగెను, నీటిని ఎగువ నెట్లు నిలుపవలెనని లెక్కలు కట్టిరి. మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. ఎగువ నుండి వచ్చు వరదకు మొదటి అడ్డుకట్ట నాటినుండి ఆ రెండు కట్టలే. అవి కట్టిన వడ్డెరల తట్టలు ఎన్ని లక్షలో! బంగారుచాటకు కథయున్నది, తట్టకు లేదు. లాల్‌దర్వాజలో అమ్మవారి దర్శనము చేసికొని గండిపేటకు వనభోజనమునకు పోవు కుటుంబములు మేమెఱిగినవి చాల కలవు. గుడివద్ద పిల్లలకు చాటకథ చెప్పుదురు. కట్టమీద నిలిచినపుడు ఎవరును కథ చెప్పరు, ఉప్పుసెనగలు కొనిపెట్టుదురు.

మహారాజుగారు ప్రధానమంత్రియైన 1901లోనే సెప్టెంబరు 1వ తేదీన ఈ నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, నాయని వెంకట రంగారావుగారు మొదలగువారు పూనుకొనిరి. వారిలోను ధనవంతులు, రాజులును ఉండిరి. దానము లేక గ్రంథాలయము లేచుట లేదు. కాని ఆ దానము ఒక బీరువాగా మారెను, ఒక బల్లగా మారెను, ఒక చందాపుస్తకముగా మారెను. దాతలు పోయినను తలుపు తెఱచియే యున్నది. ఆయన రెండవసారి అధికారమునకు వచ్చిన 1926లోనే సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక పుట్టెను. తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచిక 354 మంది కవులను పేరుపేరున చూపెను. ఈ సంగతులు శాలిబండ పిల్లల కాగితములలో ఒక్కదానియందును లేవు. చందా కట్టిన గుమాస్తా కథ చెప్పుటకు ఏ నాయనమ్మకును ఉత్సాహము కలుగదు. అతడు మోటారులో రాలేదు, నాణెములు చల్లలేదు, నెలకు కొన్ని అణాలు కట్టి రసీదు తీసికొని పోయెను. కథనకౌశలము గల మన రచయితలు ఇట్టివానిని కథానాయకునిగా చేయు విద్య నేర్వవలసియున్నది. అది కష్టమైన విద్యయని మేమెఱుగుదుము. తరగతిలో మేమే రెండుసార్లు ప్రయత్నించి పిల్లలను ఆవులింపజేసితిమి.

ఈ వ్యాసము వ్రాయుటకు పూనుకొన్నపుడు మా యింటి పావలా సంగతి తేల్చుకొనవలెననిపించెను. పెదనాన్నగారును తండ్రిగారును లేరు. అలియాబాదులో మా మేనత్తగారున్నారు. రేకుపెట్టె ఆమెవద్దనే యున్నది. పోయి అడిగితిమి.

"అత్తమ్మా, ఆ పావలా తాత చేతుల పెట్టిండ్రా, మట్టిల దొరికిందా?"

ఆమె కొంతసేపు మా ముఖము చూచి నవ్వెను. "ఎవరు పెడ్తరు బిడ్డా? అది మా అవ్వ పైస. మోదుగాకు విస్తర్లు కుట్టి లాల్‌దర్వాజల అమ్మేది. మీ తాతకు బడి పలక కొనిస్తనని దాచింది. మీ తాత ఖర్చు వెట్టలేదు."

"మఱి మహారాజు కథ?"

"మీ తాత దోస్తులకు చెప్పుకున్నడు. వినెటోళ్లకు మంచిగుంటది గద. మీ నాయనోళ్లు దాన్నే పట్టుకున్నరు."

ఇది మూడవ పాఠము. దీనికిని సాక్ష్యము లేదని విమర్శకధర్మముగా చెప్పుచున్నాము. అత్తగారు వృద్ధురాలు, ఆమె జ్ఞాపకమును ఒక కథయే కావచ్చును. మొదటి రెండింటిని పరీక్షించిన త్రాసుననే దీనిని తూచవలెను. తూచితిమి. తన యింటిలోని బీదతనమును కనబఱచు కథను కల్పించుటకు ఆమెకు ప్రయోజనమేమియు మాకు తోచలేదు.

పెట్టె తెఱచి పావలా చూపెను. మునుపెన్నడును లేని శ్రద్ధతో దానిని త్రిప్పి చూచితిమి. అంచు అరిగియున్నది. ఆ ముత్తవ్వ పేరేమని అడిగితిమి. అత్తగారు నోరు తెఱచి, ఆగి, గోడవైపు చూచి, మరల ఆలోచించెను.

"పేరు వెట్టి ఎవరు పిలిచిండ్రు బిడ్డా? అందరం అవ్వనే అన్నం."